తుపానులో ఓడ వెయ్యాలా? ఓడని ఆఖర్న వెయ్యండి

ఆయిల్ రంగుల్లో తుపాను బొమ్మ వేసినప్పుడు మొదటిసారి నేను ఓడతోనే మొదలుపెట్టాను. మూడు తెరచాప కొయ్యలు, తాళ్లు, జెండా ముచ్చటగా కుదిరాయి. తీరా చుట్టూ సముద్రం వేశాక చూస్తే షోకేసులో బొమ్మలా నిలబడింది. మా వీధిలో చేపలవేట మానేసిన ముసలాయన ఒకాయన చూసి, “జెండా ఇటెగురుతోంది, తెరచాప అటుబ్బింది. గాలెటేపు మేస్టారూ?” అన్నాడు.

అందుకని ముందు ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) మీద గాలి ఎటో చూపే బాణం గీసిన చీటీ అంటించండి. జెండా, తుంపర, ఓడ ఒరుగు, అన్నీ దాని మాటే వినాలి.

18x24 అంగుళాల కాన్వాస్ చాలు. ఎల్లో ఓకర్ అనే మట్టిపసుపు రంగు‌ని టర్పెంటైన్‌లో పల్చగా కలిపి గుడ్డతో రుద్దండి. తెల్ల కాన్వాస్ మీద చీకటి ఎంత చీకటో తెలీదు. తర్వాత ఆకాశం. సూర్యుడెక్కడో ఇప్పుడే తేల్చుకోవాలి, కెరటం వెనకే ఉండాలి, అప్పుడే వెలుగు నీళ్లలోంచి కనిపిస్తుంది.

ఐవాజోవ్‌స్కీ అనే రష్యన్ సముద్ర చిత్రకారుడు 1850లో వేసిన ‘తొమ్మిదో అల’ చూడండి. అందులో ఓడే లేదు! విరిగిన కొయ్యని పట్టుకు వేలాడుతున్న మనుషులు, వాళ్ల వెనక పొద్దు. అయినా రాత్రంతా ఎంత తుపానో తెలిసిపోతుంది. ఆయన సముద్రాన్ని స్టూడియోలో కూర్చుని జ్ఞాపకం నుంచే వేసేవాడు. కదిలే నీళ్లు మన బ్రష్ కోసం ఆగవు కదా. మన తూర్పు తీరంలో ఉన్నవాళ్లకి అదృష్టం, పొద్దు సముద్రంలోంచే లేస్తుంది. తెల్లారి వెళ్లి, కెరటం విరగబోయే ముందు దాని తలకట్టు చూడండి. గోలీసోడా సీసా రంగు!

ఆ రంగు రావాలంటే కెరటం అడుగున ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు). ప్రష్యన్ బ్లూ ఆవగింజంతే, లేకపోతే రంగులు కలిపే పాలెట్ మొత్తం మింగేస్తుంది. పైకెళ్లే కొద్దీ విరిడియన్ (నీలిఛాయ ఉన్న ఆకుపచ్చ). అంచుకి వేలెడు కింద, నీళ్లు పల్చబడేచోట, విరిడియన్‌లో లెమన్ ఎల్లో. తెలుపు దాదాపు వద్దు, పడితే సున్నపు నీళ్లే. అది బాగా ఆరాక లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలిపిన విరిడియన్ పల్చగా ఇంకో పూత.

కింది పూతల్లో టర్పెంటైన్, పైపూతల్లో నూనె. నేను ఓ వానాకాలం తొందరపడి ఈ వరస తిరగేశాను. ఆర్నెల్లకి ఆకాశం ఎండిన చెరువులా బీటలేసింది.

నురుగు తెల్లగా ఉండదు. నీడలో బూడిద, ఊదా కలిసిన రంగు. కెరటం ముఖం మీద అది చిరిగిన వలలా పైకి లాగినట్టుండాలి, అడ్డగీతల్లా కాదు. ఎండ తగిలే ఒకటి రెండు చోట్లే పెయింటింగ్ నైఫ్‌తో దట్టంగా తెలుపు.

ఇప్పుడు ఓడ. చిన్నది, సగం కెరటం చాటున, గాలికి అవతలి వైపు ఒరిగి. నలుపు ట్యూబు ముట్టుకోకండి, అంబర్‌లో నీలం చాలు. అడుగు అంచుని పొడి బ్రష్‌తో నీళ్లలోకి రుద్దేయండి. తాళ్లు రెండు చాలు. నేను పదకొండు గీసి తొమ్మిది తుడిచాను.