మొదటి పైపు చెక్కేవారు ముందుగా రంధ్రాలు తొలుచుకోవాలి

ఉదయగిరి చెక్క గరిటెల పనితనం చూసి తామూ ఉలి పట్టాలనుకొని, మొట్టమొదట పొగాకు పైపునే చెక్కబోయేవారికి ఒక మాట చెప్పాలి: బయటి ఆకారం జోలికి వెళ్లకముందే, చెక్క దిమ్మె పక్కలు ఇంకా చదునైన పలకలుగా ఉన్నప్పుడే, రంధ్రాలన్నీ తొలిచేసుకోండి. పలకల దిమ్మె వైస్‌లో, అంటే బిగించి పట్టుకునే పనిముట్టులో, కదలకుండా నిలుస్తుంది. గుండ్రంగా చెక్కిన తరువాత డ్రిల్లు జారి, పొగదారి పక్కకు పోతుంది. పొగాకు నింపే గుంత సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పు, పొగ వచ్చే సన్నని దారి 4 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఆ దారి గుంత అడుగున, సరిగ్గా నడిమధ్యలో కలవడమే ఈ పనికంతటికీ ప్రాణం. అంతకన్నా పైన కలిస్తే అడుగు పొగాకు తడిసి, కాలకుండా మిగిలిపోతుంది. అందుకే గుంతనూ పొగదారినీ దిమ్మె పక్కపలకపై పెన్సిలుతో గీసుకొని, ఎంత లోతుకు దిగాలో తెలిసేలా డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టుకోవాలి. గుంత చుట్టూ గోడ మందం 6 మిల్లీమీటర్లకు తగ్గనీయకండి. చెక్క విషయంలో మాత్రం, మన అడవుల్లో దొరికే కర్రలతో ప్రయోగాలు వద్దనే అంటాను. మధ్యధరా ప్రాంతపు బ్రయర్ పొద వేరుబుడిపె వేడిని బాగా తట్టుకుంటుంది, రంధ్రాలు ముందే తొలిచిన దిమ్మెలు కూడా అమ్ముతారు. గుంత లోపల వార్నిష్ పూయకూడదు.