వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా ఆపడం ఎలా? గేటు కన్నా ముందు బాత్రూం చూసుకోండి

వరంగల్, హనుమకొండల్లో పెద్ద వాన పడిన ప్రతిసారీ ఇదే చూస్తున్నాను. గేటు ముందు ఇసుక సంచులు పేరుస్తారు, గడపకు పాత చీరలు కుక్కుతారు, ఇక ఫర్వాలేదని కూర్చుంటారు. కాసేపటికి బాత్రూం జాలీలోంచి నల్లటి నీళ్లు బుడబుడమంటూ పైకి వస్తాయి. అప్పుడు బియ్యం సంచులు మంచాల మీదికి ఎక్కించడానికి పరుగులు. బయటి మోరీలో, అంటే మురుగు కాలువలో, నీటి మట్టం మీ బాత్రూం నేల కన్నా పైకి లేచిందంటే చాలు, అదే పైపులో నీళ్లు వెనక్కి నడుస్తాయి. గేటు ఎంత గట్టిగా మూసినా దానికి సంబంధం లేదు.

ముందే ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా గల్లీల్లో, కాలనీల్లో మోకాలి లోపు నిలిచే నీళ్ల గురించి. నాలా పొంగితే ఇవేవీ పనికి రావు. కాకతీయుల నాటి నుంచి ఈ నేలలో చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి, ఆ దారిలో ఇప్పుడు మన ఇళ్లున్నాయి. బొందివాగు పక్కన ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీల వాళ్లకు, నయీంనగర్ నాలా ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలకే వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అలాంటి రోజున కాగితాలు, మందులు తీసుకుని ముసలివాళ్లతో, పిల్లలతో ఎత్తయిన చోటికి వెళ్లిపోవడమే పని. మీ ఇంటికి ఎగువన ఏ చెరువుందో, దాని మత్తడి నీళ్లు ఎటు పోతాయో ఎండాకాలంలోనే ఒకసారి నడిచి చూసుకోండి.

సామాను

పార, తట్ట, గడ్డపార, పొడవాటి వెదురు కర్ర. ఖాళీ సిమెంటు సంచులు ఒక ఇరవై, దొడ్డు ఇసుక, టార్పాలిన్. మూడడుగుల పీవీసీ పైపు ముక్కలు, పాత సైకిల్ ట్యూబు, మందపాటి పాలిథిన్ సంచులు. టార్చిలైటు, గమ్ బూట్లు. అంతే.

మోరీ

మృగశిర కార్తె వచ్చేలోపు మోరీలో పూడిక తీసేయాలి. పల్లం వైపు నుంచి ఎత్తు వైపుకు తీసుకుంటూ రండి. పైనుంచి మొదలుపెడితే పూడికంతా కింద ఇంకొకరి ఇంటి ముందు పేరుకుంటుంది. తీసిన మట్టిని గట్టు మీద కుప్ప పోయకండి, మొదటి వానకే మళ్లీ అందులోకి జారుతుంది. ఎక్కువగా నీళ్లు ఆగేది బండ్లు ఎక్కడానికి కట్టుకున్న ర్యాంపుల కింద. అక్కడ సన్న పైపు వేసి సిమెంటు పోసేస్తారు. ఒక కవరు, ఒక కొబ్బరి బోండం అడ్డం పడితే గల్లీ మొత్తం చెరువవుతుంది. పక్కింటాయనతో తగువు పెట్టుకోకుండా, "అన్నా, మీ ర్యాంపు కింద ఒకసారి కర్ర పెట్టి చూద్దాం, నేను కూడా పడతాను" అనండి. చాలామంది కాదనరు.

మిద్దె మీది నీళ్లు

ఇది ఎవరూ లెక్క వేసుకోరు. 200 గజాల మిద్దె మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 16,700 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడు దాటాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయి? చాలా ఇళ్లలో మేస్త్రీలు పని తేలికవుతుందని మిద్దె పైపును తీసుకెళ్లి బాత్రూం నీళ్ల చాంబర్‌లోనే కలిపేస్తారు. దాన్ని కోయించి, నేరుగా రోడ్డు వైపు లేదా ఇంకుడు గుంతకు మళ్లించండి. గుంత నిండితే పొర్లిన నీళ్లు గేటు వైపు పోయేలా వాలు ఉండాలి. ఇది చేయకుండా తర్వాతి పనికి పోవద్దు. ఎందుకో అక్కడే చెబుతాను.

బాత్రూం: అందరూ తప్పు చేసేది ఇక్కడే

ఇంట్లో నేల మట్టంలో ఉన్న ప్రతి రంధ్రాన్నీ వెతకండి. బాత్రూం జాలీ, లెట్రిన్, గిన్నెలు తోమే చోటు, వాషింగ్ మెషిన్ పైపు పెట్టిన మూల, చేతులు కడిగే బేసిన్ కింది జాలీ. ఒక్కటి మరిచిపోతే మిగతావి మూసిన కష్టమంతా వృథా, నీళ్లన్నీ ఆ ఒక్కదాంట్లోంచే వస్తాయి.

ఇప్పుడు అందరూ చేసే పని ఏమిటంటే, గుడ్డ ఉండ చుట్టి జాలీలో కుక్కడం. నాలుగు అంగుళాల రంధ్రం మీద రెండడుగుల నీళ్ల ఒత్తిడి అంటే దాదాపు ఐదు కిలోల బరువు కింది నుంచి నెడుతున్నట్టు. గుడ్డ సీసా బిరడాలా ఎగిరిపోతుంది. అర్ధరాత్రి దాని మీద కాలు పెట్టి నిలబడ్డవాళ్లను చూశాను. కొందరు ఇంకా ముందుకు పోయి సిమెంటు పోసేస్తారు, వాన తగ్గాక టైల్స్ పగలగొట్టించుకుంటారు.

నా పద్ధతి మూయడం కాదు, పైపు నిలబెట్టడం. జాలీ తీయండి, లోపల గిన్నెలాంటి ట్రాప్ ఉంటే అదీ తీయండి. రంధ్రంలోకి సరిగ్గా దిగే పీవీసీ పైపు, మూడడుగులది, ముందే కొని పెట్టుకోవాలి. రంధ్రం లోపలి కొలత టేపుతో తీసుకుని షాపుకు వెళ్లండి, కంటి అంచనా వద్దు. పైపు కింది నాలుగు అంగుళాలకు సైకిల్ ట్యూబు రబ్బరును కోసి, సాగదీస్తూ రెండు మూడు చుట్లు చుట్టండి. తడిపి, తిప్పుతూ లోపలికి బిగించండి. చేత్తో ఊపితే కదలకూడదు. చుట్టూ తడి ఇసుక సంచులు నాలుగు ఆనించండి. ఇప్పుడు మోరీ నీళ్లు వెనక్కి వచ్చినా ఆ పైపులోనే పైకి లేస్తాయి. బయట ఎంత మట్టం ఉందో అక్కడికి వచ్చి ఆగిపోతాయి, నేల మీదికి రావు. టార్చి వేసి పైపులోకి చూస్తే బయటి మోరీ పెరుగుతోందో తగ్గుతోందో తలుపు తీయకుండానే తెలుస్తుంది. గుడ్డ కుక్కితే ఈ కబురు అందదు. అందుకే ఈ పద్ధతే సరైనదని గట్టిగా చెబుతాను.

నేల మట్టంలో ఉండే లెట్రిన్‌కు పైపు నిలవదు. మందపాటి పాలిథిన్ సంచిని రెండు పొరలుగా వేసి, తడి ఇసుక సగం నింపి, మూతి కట్టి గుంతలోకి ఒత్తండి. పైన చెక్క పెట్టి, దాని మీద నీళ్లు నింపిన ఇరవై లీటర్ల క్యాన్లు రెండు ఉంచండి. వెస్ట్రన్ కమోడ్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మామూలుగా పొంగదు, కానీ ఫ్లష్ చేయకండి.

అసలు జాగ్రత్త ఇది. పైపులు నిలబెట్టాక మీ ఇంటి నీళ్లకు కూడా బయటికి దారి లేనట్టే. పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు స్నానం చేసినా, బట్టలు ఉతికినా ఆ నీళ్లు మోరీలోకి పోలేక మీ పైపులోంచి పొర్లుతాయి. మిద్దె నీళ్లు అదే చాంబర్‌లో కలుస్తుంటే ఇక చెప్పేదేముంది, మోరీ కాదు, మీ ఇంటి వాన నీళ్లే మీ ఇంటిని ముంచుతాయి. అందుకే మిద్దె పైపు సంగతి ముందు తేల్చమన్నాను. పైవాళ్లకు మెట్లెక్కి వెళ్లి చెప్పండి. ఫోన్లో మెసేజ్ పెడితే చూడరు.

శాశ్వతంగా కావాలంటే, మోరీలో కలిసే ముందున్న ఆఖరి చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వు వేయించండి, అది నీళ్లను బయటికే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. దాని మీది బాణం గుర్తు మోరీ వైపు ఉండాలి. మూత తీసి చేయి పెట్టగలిగే చోటే వేయించండి. లోపలి రెక్కకు వెంట్రుకలో, కవరు ముక్కో అడ్డం పడితే అది మూసుకోదు, ఉన్నా లేనట్టే. ఏటా వానల ముందు తీసి కడగాలి. కడిగే ఓపిక లేనివాళ్లు నిలువు పైపునే నమ్ముకోండి.

చాలామంది గడప ఎత్తు పెంచుకుంటే చాలనుకుంటారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో సీసీ రోడ్డు పోస్తారు, ఇల్లు మరింత పల్లంలో పడుతుంది, మళ్లీ గడప లేపుతారు. ఈ పోటీలో ఇల్లు ఎప్పుడూ గెలవదు. రోడ్డు పని మొదలైన రోజే గల్లీవాళ్లంతా కలిసి వెళ్లి, పాతది తీసి వేయమని అడగాలి. కాంక్రీటు పడ్డాక అడిగి లాభం లేదు.

ఇసుక సంచులు

సగానికి కొంచెం ఎక్కువ నింపాలి, నిండుగా కూరితే గుండ్రాళ్లలా సందులు వస్తాయి. ఇటుక వరసలా అతుకులు తప్పిస్తూ పేర్చి, కాళ్లతో తొక్కండి. నీళ్లు వచ్చే వైపు టార్పాలిన్ పరిచి, దాని అంచు సంచుల కిందికి తోయండి.

నీళ్లు వచ్చేటప్పుడు

ప్లగ్ పాయింట్లు తడవకముందే మెయిన్ దించేయండి, ఇన్వర్టర్ కూడా. నీళ్లలో నిలబడి మోటరు స్విచ్ ముట్టుకోవద్దు. నీళ్లు త్వరగా పోతాయని మోరీ మీది స్లాబు ఎత్తి వదిలేయడం అన్నిటికన్నా ఘోరం. బురద నీళ్లలో ఆ గుంత కనబడదు, ఆ దారిన వచ్చే మనిషి అందులో పడతాడు. తీయక తప్పకపోతే పొడవాటి కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి, పక్కన ఒక మనిషిని ఉంచండి.

వాన తగ్గాక

పైపును వెంటనే పీకకండి. బయట మోరీలో మట్టం బాత్రూం నేల కన్నా కిందికి దిగిందని కళ్లతో చూశాకే తీయండి. సంపులోకి మురికి నీళ్లు చేరితే మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో రుద్ది కడిగి, కొత్త నీళ్లు నింపాక 1,000 లీటర్లకు ఐదు గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్లో కలిపి, తేరిన నీళ్లు మాత్రం పోయండి. అరగంట ఆగి వాడుకోవచ్చు, తాగడానికి మాత్రం మరిగించాలి. సెప్టిక్ ట్యాంకు నిండిందని నేల నానుతున్నప్పుడే బండిని పిలిచి ఖాళీ చేయించకండి, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి గోడలు పగులుతాయి.

పైపు ముక్కలు, రబ్బరు కడిగి ఎండబెట్టి, బాత్రూం పక్కనే చేతికి అందే చోట ఉంచండి. దసరా, దీపావళి అయిపోయాయని అటక ఎక్కించేస్తారు. 2025లో మొంథా తుఫాను హనుమకొండను, వరంగల్‌ను ముంచింది అక్టోబరు చివర్లో, దీపావళి వెళ్లాకే. కార్తీక మాసం పూర్తయ్యేదాకా వాటిని కదపకండి.