బ్రౌనీ కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే దించేయాలి

నేను మొదటిసారి బ్రౌనీ చేసినప్పుడు, కేక్‌కి చూసినట్టే టూత్‌పిక్ గుచ్చి అది శుభ్రంగా వచ్చేదాకా ఓవెన్‌లోనే ఉంచాను. చల్లారాక చూస్తే ఇటుక. పాపం ఇంట్లోవాళ్లు మొహమాటానికి చాయ్‌లో ముంచుకుని తిన్నారు. అందుకే ముందే చెప్తున్నా, బ్రౌనీ చెడేది ఎక్కువగా ఆఖరి ఐదు నిమిషాల్లోనే.

7 అంగుళాల చదరపు టిన్‌కి 150 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 గ్రాముల బటర్, 180 గ్రాముల పంచదార పొడి, 2 గుడ్లు, 60 గ్రాముల మైదా, 25 గ్రాముల కోకో పౌడర్, చిటికెడు ఉప్పు. ఉప్పు బటరే వాడుతుంటే విడిగా ఉప్పు వద్దు. హన్మకొండ, వరంగల్‌లో కిరాణా షాపుల్లో దొరికేది ఎక్కువగా డార్క్ కాంపౌండ్, అందులో కోకో బటర్ బదులు వేరే నూనె కొవ్వు ఉంటుంది. దాంతోనూ బాగానే వస్తుంది, కాకపోతే తీపి ఎక్కువ కాబట్టి పంచదార 150కి తగ్గించండి. పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడిని మాత్రం కోకో అనుకుని పోయకండి, అది సగానికి పైగా చక్కెరే.

చాక్లెట్, బటర్ కలిపి మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, నీళ్లు లోపల పడకుండా చూసుకోండి, పడితే చాక్లెట్ ముద్ద కట్టొచ్చు. దించి పక్కన పెట్టి, వేలు పెడితే గోరువెచ్చగా అనిపించేదాకా ఆగాలి. వేడివేడిగా పోస్తే గుడ్డు ఉడికి ఆమ్లెట్ ముక్కలు తేలతాయి.

ఈలోపు గుడ్లు, పంచదార కలిపి నాలుగైదు నిమిషాలు, రంగు తేలికై చిక్కబడేదాకా గిలక్కొట్టండి. బ్రౌనీ పైన పల్చటి మెరిసే పొర వస్తుంది చూశారా, అది ఇక్కడే పుడుతుంది, పంచదార గుడ్డులో బాగా కరిగితేనే. చేయి నొప్పి పుడుతుంది, తప్పదు. తర్వాత చాక్లెట్ పోసి, మైదా, కోకో జల్లించి వేసి గరిటెతో పైకీ కిందికీ తిప్పండి, పొడి కనబడకపోతే ఆపేయండి. మైదాని ఎక్కువ కలిపితే సాగుతుంది. బేకింగ్ పౌడర్ వద్దు, మనకు కావలసింది కేక్ కాదు. వాల్‌నట్స్ ఖరీదనుకుంటే వేయించి పొట్టు తీసిన పల్లీలు వేయండి, నాకైతే అవే ఇష్టం.

టిన్‌లో బటర్ పేపర్ వేసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 175 డిగ్రీల దగ్గర పెట్టి 20 నిమిషాలకే చూడడం మొదలుపెట్టండి. అంచులు గట్టిపడి, మధ్యలో టూత్‌పిక్‌కి తడి తడి ముక్కలు అంటుకుంటే దించేయండి. కారే పిండి అంటితే ఇంకో మూడు నిమిషాలు. పచ్చిగా ఉందేమోనని టెన్షన్ పడకండి, టిన్ వేడికి లోపల ఇంకాస్త ఉడుకుతుంది.

ఓవెన్ లేకపోతే పాత మందపాటి కుక్కర్ చాలు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, నీళ్లు పోయకుండా మూత పెట్టి పది నిమిషాలు వేడి చేయాలి. అందులో పట్టే టిన్ పెట్టి 35 నిమిషాలు సన్నటి మంట మీద. సర్వపిండి చేసేవాళ్లకు ఈ ఓపిక కొత్తేమీ కాదు, మంట పెంచితే అడుగు మాడి పైన పచ్చిగా ఉండడం వాళ్లకు తెలిసిన సంగతే. వేడి కింది నుంచే కాబట్టి పైన ఆ మెరుపు అంతగా రాదు.

శనివారం గుడ్డు ముట్టని ఇళ్లల్లో రెండు గుడ్ల బదులు 120 గ్రాముల గట్టి పెరుగు, పావు టీస్పూన్ వంటసోడా వేయొచ్చు, కాకపోతే కాస్త కేక్ లాగే వస్తుంది.

కోయడానికి కనీసం రెండు గంటలు ఆగాలి. మే నెలలో అయితే మన ఎండలకు బయట పెడితే ఎన్ని గంటలైనా ముద్దగానే ఉంటుంది, చల్లారాక గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి, ముక్కముక్కకీ అట్లాగే చేస్తూ కోయండి.