చవక ఓపెన్ గేమింగ్ కన్సోల్ కొనాలా వద్దా: ఎలా తేల్చుకోవాలి?

టీవీకి తగిలించుకుని ఆడుకునే కొత్త కన్సోల్ తక్కువ ధరకే వస్తోందంటే పిల్లలు పట్టుబడతారు. ఆర్డర్ పెట్టే ముందు ఈ పనులు చేయండి.

1. ‘ఓపెన్’ అంటే మనకు నచ్చిన గేమ్, సాఫ్ట్‌వేర్ మనమే వేసుకోనిచ్చేది. అది ఎంతవరకో అడగండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఆండ్రాయిడ్ మీద నడిచినంత మాత్రాన ఓపెన్ అయిపోదు. ఆండ్రాయిడ్ మీద నడిచిన ఊయా అనే చిన్న కన్సోల్ సంగతే చూడండి. 2012లో జనం దగ్గర చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 85 లక్షల డాలర్లకు పైగా పోగేసి, 2013లో 99 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. ఎవరైనా గేమ్ తయారుచేసి పెట్టొచ్చన్నారు. ప్రతి గేమ్‌నూ ముందు ఉచితంగా ఆడి చూసే వీలు ఉండాలన్నారు. నిజంగా మంచి ఆలోచన. కానీ 2015లో దాని సాఫ్ట్‌వేర్‌నూ స్టోర్‌నూ గేమింగ్ పరికరాల కంపెనీ రేజర్ కొనేసింది, 2019 జూన్‌లో స్టోర్ మూతపడింది. నెట్‌లో కంపెనీ సర్వర్‌ని అడిగి గానీ తెరుచుకోని గేమ్‌లకు డబ్బు కట్టినవాళ్లు నష్టపోయారు.

కాబట్టి అమ్మేవాళ్లను సూటిగా అడగండి: నెట్ లేకుండా గేమ్ తెరుచుకుంటుందా? బయటి నుంచి తెచ్చిన ఫైల్ ఎక్కించుకోవచ్చా? కంపెనీ చేతులెత్తేస్తే లినక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మనమే వేసుకోగలమా? జవాబు నసుగుతుంటే కొనకండి.

2. గేమ్‌ల జాబితా చూడండి. అవన్నీ మీ ఫోన్‌లో ఉన్నవే అయితే ఒక బ్లూటూత్ కంట్రోలర్ చాలు. ‘లోపల పదివేల గేమ్‌లు’ అనే పెట్టెల జోలికి పోవద్దు. వాటిలో ఎక్కువ శాతం అనుమతి లేని కాపీలే, తయారుచేసినవాళ్లకు పైసా చేరదు.

3. కంట్రోలర్ చేతిలో పట్టుకుని చూడండి. బటన్‌ను మధ్యలో కాకుండా అంచున గట్టిగా నొక్కండి. పై రేకు కింద ఇరుక్కుని పైకి రాకపోతే పక్కన పెట్టేయండి. మొదటి ఊయా కంట్రోలర్లలో వచ్చిన ఇబ్బంది ఇదే. స్టిక్‌ను పక్కకు తోసి వదిలితే నడిమికి రావాలి.

4. రెండో కంట్రోలర్, మెమరీ కార్డు ఖర్చు కలపండి. రిపేరు సంగతి కూడా కనుక్కోండి. హన్మకొండ చౌరస్తాలో ఫోన్ విప్పేవాళ్లకు కొదవ లేదు, ఈ పెట్టె పార్టులు దొరకడమే కష్టం.

5. ఇంట్లో ఎవరు వాడతారో చూడండి. క్రికెట్ గేమ్ ఆడుకోవడానికే అయితే నేను వద్దంటాను. కాజీపేటలోనో హన్మకొండలోనో చదువుకుంటూ, గోడోట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సొంతంగా గేమ్ చేయాలని తహతహలాడే పిల్ల ఉంటే మాత్రం తప్పకుండా కొనివ్వండి. తను చేసిన గేమ్‌ను ఇంట్లో టీవీ మీదే ఆడి చూసుకుంటుంది.