పింక్ సాల్మన్ లెక్కలు చూడాలంటే ముందు సరి సంవత్సరమా, బేసి సంవత్సరమా చూడండి

2021లో స్నేహితుడొకడు సియాటిల్ దగ్గర నది వీడియో పంపాడు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా చేపలే, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏటికి ఎదురీదుతున్నాయి. అది చూసి 2022 సెప్టెంబరులో పిల్లల్ని కారెక్కించుకుని అక్కడి గ్రీన్ రివర్‌కి వెళ్తే ఒక్క పింక్ సాల్మన్ కూడా కనపడలేదు. ఏడాదిలోనే అంతరించిపోయాయేమో అని ఇంటికొచ్చి అందరితో చెప్పాను కూడా. పాపం చేపల తప్పేం లేదు, నేను వెళ్ళిన సంవత్సరమే తప్పు.

ఈ చేప ఆయుష్షు సరిగ్గా రెండేళ్ళు. 2021 శరదృతువులో గులకరాళ్ళ కింద పెట్టిన గుడ్లు చలికాలంలో పొదుగుతాయి, 2022 వసంతంలో వేలెడంత కూడా లేని పిల్లలు నదిలో ఆగకుండా సముద్రానికి పోతాయి, 2023లో తిరిగొచ్చి గుడ్లు పెట్టి చనిపోతాయి. మన పులస కూడా సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కేదే గానీ దానికి వెనక్కి వెళ్ళే దారి ఉంది, దీనికి లేదు. అందుకని ఒకే నదిలో బేసి సంవత్సరాల చేపలూ సరి సంవత్సరాల చేపలూ ఎప్పటికీ కలవని రెండు వంశాలు. సియాటిల్ చుట్టూ ఉన్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో, కెనడాలోని ఫ్రేజర్ నదిలో బేసి వంశానిదే రాజ్యం. అలాస్కాలోని బ్రిస్టల్ బేలో దీనికి తలకిందులు, అక్కడ సరి సంవత్సరాలే గట్టివి. అలాస్కాలోనే ఉన్న ప్రిన్స్ విలియం సౌండ్‌లో రెండూ వస్తాయి.

కాబట్టి "పోయినేడాదితో పోలిస్తే ఇన్ని రెట్లు" అనే హెడ్డింగ్ కనపడితే పట్టించుకోకండి. ఈ ఏడాది చేపల్ని వాటి అమ్మానాన్నలతో, అంటే రెండేళ్ళ కిందటి లెక్కతో పోల్చాలి. వరసగా నాలుగైదు బేసి సంవత్సరాలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది.

తర్వాత, అది ఏ లెక్కో చూడండి. వలకు పడినవి వేరు, వల తప్పించుకుని గుడ్లు పెట్టడానికి నది ఎక్కినవి వేరు. రెండూ కలిపితేనే ఎన్ని తిరిగొచ్చాయో తెలిసేది. హాచరీ చేపలు, అంటే మనుషులు గుడ్లు పొదిగించి వదిలినవి ఎన్నో కూడా అడగాలి, ప్రిన్స్ విలియం సౌండ్‌లో వాటి వాటా చాలా ఎక్కువ. నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది: హాచరీలో గుడ్ల దశలోనే నీటి వేడిని పెంచీ తగ్గించీ చేప చెవిలోని చిన్న ఎముకలో గీతలు పడేలా చేస్తారు, పట్టాక ఆ ఎముకను మైక్రోస్కోపు కింద పెడితే ఏ హాచరీదో తెలిసిపోతుంది.

ఇక ఎందుకు ఇంత ఎగుడుదిగుడు? ఒక ఆడ చేప సుమారు 1,500 నుంచి 2,000 గుడ్లు పెడుతుంది. అందులో రెండు బతికి తిరిగొస్తే సంఖ్య నిలకడగా ఉన్నట్టు, నాలుగొస్తే రెట్టింపు. ఒక్క వరద గులకరాళ్ళను కొట్టుకుపోయినా, సముద్రం వేడెక్కినా లెక్క తలకిందులే. చినూక్ అనే మరో రకం సాల్మన్‌లో మూడు, నాలుగు, ఐదేళ్ళ చేపలు కలిసి వస్తాయి కాబట్టి ఒక ఏడాది దెబ్బ తిన్నా మిగతావి ఆదుకుంటాయి, పింక్‌కి ఆ అప్పు పుట్టే చోటు లేదు. అలాస్కాలో 2013లో 20 కోట్లకు పైగా పట్టారు, 2016లో 4 కోట్లు కూడా దాటలేదు. అరె, బేసితో సరిని పోల్చి నా నియమం నేనే తప్పాను! 2014తో పోల్చుదాం, అప్పుడు 9 కోట్లకు పైనే, అంటే సగానికి పైగా పడిపోయింది. 2016లో తిరిగొచ్చిన చేపలు సముద్రంలో గడిపింది 'బ్లాబ్' అని పేరుపడ్డ వేడి నీళ్ళ కాలంలోనే.

పెరగడం ఎప్పుడూ శుభవార్తే అనుకోకండి. రష్యావాళ్ళు శ్వేత సముద్రం వైపు నదుల్లో వదిలిన ఈ చేప 2017 నుంచి బేసి సంవత్సరాల్లో నార్వే నదుల మీద విరుచుకుపడుతోంది, అక్కడివాళ్ళు స్థానిక సాల్మన్ కోసం అడ్డుకట్టలు వేసి మరీ దాన్ని ఏరేస్తున్నారు.

ప్యూజెట్ సౌండ్ నదుల్లో కళ్ళారా చూడాలంటే బేసి సంవత్సరం సెప్టెంబరులో వెళ్ళండి. నీళ్ళ మీద మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి. తోక మొత్తం పెద్ద పెద్ద కోలగా ఉన్న నల్ల మచ్చలు, చిన్న పొలుసులు, మగదానికి వీపు మీద గూని ఉంటే అదే పింక్. ఇక్కడివాళ్ళు హంపీ అనేది ఆ గూనిని చూసే. నీళ్ళలో దిగి గులకరాళ్ళ మీద నడవకండి, గుడ్లు ఉండేది అక్కడే. కుక్కను తీసుకెళ్తే తాడు వదలకండి, ఒడ్డున చచ్చి పడున్న పచ్చి సాల్మన్ తింటే దానికి ప్రాణం మీదికొచ్చే జబ్బు చేస్తుంది, పొరపాటున నోట పెట్టిందంటే జ్వరం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.