మన కారు మన చేతులతో – 5వ పాఠం: ట్యాపెట్ కవర్ బిగించడం

పోయిన పాఠంలో ట్యాపెట్ కవర్ (ఇంజన్ నెత్తిన ఉండే మూత) ఊడదీసి, దాని కింది హెడ్ (ఇంజన్ పైభాగం) మీద గుడ్డ కప్పి వదిలేశాం. ఇవాళ తిరిగి ఎక్కిద్దాం. పుస్తకాల్లో దీన్ని వాల్వ్ కవర్ అంటారు, షెడ్డులో మాత్రం ట్యాపెట్ కవర్ అంటేనే పని జరుగుతుంది.

ఇంజన్ బాగా చల్లారి ఉండాలి. ముందు ఆ గుడ్డ తీసేయండి, నవ్వకండి, మర్చిపోవడం చాలా తేలిక. కవర్ కూర్చునే అంచును వేలితో చుట్టూ తడిమి చూసి, పాత ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా మధ్యలో వేసే పట్టీ) ముక్క ఏ కాస్త తగిలినా గీకేయండి, కానీ స్క్రూడ్రైవర్‌తో వద్దు, ఎందుకంటే హెడ్ సాధారణంగా అల్యూమినియమే, గీత పడిందంటే ఆయిల్‌కి అదే దారి. గడువు తీరిన ఏటీఎం కార్డు ఈ పనికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. తర్వాత బ్రేక్ క్లీనర్ చల్లిన గుడ్డతో జిడ్డు పోయేలా తుడవండి.

కొత్త రబ్బరు ప్యాకింగ్‌ను కవర్ గాడిలో నొక్కుతూ కూర్చోబెట్టండి. స్పార్క్ ప్లగ్గులు కవర్ మధ్యలోంచి దిగే ఇంజనైతే ఆ గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు రింగులు కూడా మార్చాలి. అవి కారితే ఆయిల్ బయటికి కనపడదు, ప్లగ్ గుంతలో నిలిచి బండి మిస్ కొడుతుంది, మనమేమో ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ మారుస్తూ డబ్బులు తగలేస్తుంటాం.

సిలికాన్ పేస్టు చుట్టూ పూసెయ్యకండి. టైమింగ్ కవర్ (ఇంజన్ ఒక చివర టైమింగ్ చైనును కప్పే మూత) హెడ్‌తో కలిసే మూలల్లో శనగగింజంత చాలు. ఎక్కువైతే లోపలికి పిండుకుపోయి, ముక్కలై ఆయిల్ వడకట్టే జాలీకి, అంటే ఆయిల్ స్ట్రెయినర్‌కి అడ్డం పడొచ్చు. పేస్టు పైన పొర కట్టకముందే కవర్‌ను తిన్నగా దించండి, పక్కలకు జరిపితే ప్యాకింగ్ గాడి తప్పుతుంది.

ఇక అసలు సంగతి బిగించడం. బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పి పట్టించండి, ఆ తర్వాత మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా బయటికి వెళ్తూ, రెండు మూడు విడతల్లో బిగించండి. చాలా కార్లలో ఇవి పది నంబరు పానా పట్టే చిన్న బోల్టులు, 8 నుంచి 11 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, అంటే చక్రం నట్టుకు పెట్టే బలంలో సుమారు పదోవంతు (మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఖాయం). నేను మొదటిసారి చేసినప్పుడు కొంచెం ఆయిల్ చెమర్చిందని ఇంకాస్త, ఇంకాస్త అంటూ తిప్పితే, టిక్కుమని బోల్టు ఇంజన్ హెడ్‌లోనే విరిగింది. ఆ ముక్క బయటికి తీయించడానికి అయిన ఖర్చు ప్యాకింగ్ ఖరీదుకి ఎన్ని రెట్లో చెప్పను. కారుతుంటే బలం పెట్టకండి, విప్పి ప్యాకింగ్ చూడండి.

పేస్టు ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చి, ఆయిల్ లెవెల్ చూసుకుని స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడిచాక ఫోన్ టార్చి వేసి, కవర్ వెనకవైపూ సైలెన్సర్ మొదలయ్యే వైపూ చూడండి. మొదట్లో వచ్చే కాలిన వాసన ఇదివరకు కారిన ఆయిల్‌ది కావచ్చు, అది కాసేపటికి పోతుంది.

అన్నీ సరిగ్గా చేసినా మళ్లీ చెమరుస్తోందంటే అనుమానం పీసీవీ వాల్వ్ (ఇంజన్ లోపల చేరే గాలిని, ఆవిర్లను లాగేసే చిన్న వాల్వ్) మీదికి పోవాలి. అది మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడి పెరిగి కొత్త ప్యాకింగ్‌నైనా దాటి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. 6వ పాఠంలో దాన్ని ఊడదీసి కడుగుదాం.