పార్కింగ్‌లో ముందు ఎవరు వెళ్లాలి?

పార్కింగ్ లాట్‌లో సిగ్నళ్లు లేవు కాబట్టి రూల్స్ కూడా లేవనుకుంటారు చాలామంది. మామూలుగా పాటించే పద్ధతి ఇది: స్లాట్‌లోంచి బయటికొచ్చే బండి, దారిలో అప్పటికే వెళ్తున్న బండికి ఆగి దారివ్వాలి. వరుసల మధ్య నుంచి వచ్చేవాళ్లు పెద్ద దారిలోని వాళ్లని ముందు పోనివ్వాలి. స్టాప్ బోర్డో, నేల మీద బాణం గుర్తో ఉంటే మాత్రం దాని మాటే చెల్లుతుంది. నడిచేవాళ్లు ఎటునుంచి వచ్చినా బండి ఆపాల్సిందే.

ఎదురెదురు స్లాట్లలోంచి రెండు కార్లు ఒకేసారి రివర్స్ అవుతుంటే? ఎవరికీ ప్రత్యేక హక్కేమీ ఉండదు, తగిలితే తప్పు ఇద్దరి మీదా పడొచ్చు. వెనక కారుకి తెల్ల రివర్స్ లైట్లు వెలగడం ముందు గమనించినవాళ్లు బ్రేకేసి, చిన్నగా హారన్ కొడితే సరిపోతుంది.

ఈ గొడవంతా తగ్గాలంటే లోపలికి పెట్టేటప్పుడే రివర్స్‌లో పెట్టండి. పక్కన పెద్ద వ్యాన్ ఉంటే, రివర్స్‌లో బయటికొచ్చే డ్రైవర్‌కి కారు చాలాభాగం దారిలోకి వచ్చేదాకా అటూ ఇటూ ఏమీ కనబడదు. ముందుకొస్తే బానెట్ దాటగానే కనబడుతుంది. కెమెరా ఉంది కదా అంటారు గానీ, అది సరిగ్గా వెనకున్నదాన్ని చూపించినంత బాగా పక్కనుంచి దూసుకొచ్చేదాన్ని చూపించదు.

ఇక ఖాళీ స్లాట్ల మీదుగా అడ్డంగా దూసుకుపోయే వీరులు కొందరుంటారు. అటునుంచి బండి వస్తుందని ఎవరూ చూడరు బాబూ, ఆ పని మాత్రం చేయకండి.